లారీ లైసెన్స్ చేతికొచ్చిన మేనల్లుడికి, మొదటి ఓనర్ గురించి

ఒరే అల్లుడూ,

మీ అమ్మ నిన్న రాత్రి ఫోన్ చేసి నీ లైసెన్స్‌లో ట్రాన్స్‌పోర్ట్ ఎక్కిందని చెప్పింది, చాలా సంతోషం వేసిందిరా. కారు లైసెన్స్ మీద ఏడాది ఆగి, స్కూల్లో నేర్చుకుని, టెస్టు పాసై సరైన దారిలో తెచ్చుకున్నావు. మా రోజుల్లో అయితే క్లీనర్‌గా ఎక్కి ఆరేడేళ్లు లోడు మీద పట్టా కప్పి తాళ్లు లాగితే గానీ స్టీరింగ్ ముట్టుకోనిచ్చేవారు కాదు. అయితే మీ అమ్మ ఇంకో మాట కూడా చెప్పింది, మూడు చోట్ల నుంచి రమ్మంటున్నారంట, ఎవుడు బత్తా, అంటే ట్రిప్పు ఖర్చులకిచ్చే డబ్బులు, ఎక్కువిస్తే అక్కడికే పోతానంటున్నావంట. ఆ మాట విన్నాక నాకు నిద్ర పట్టలేదు, అందుకే పొద్దున్నే కూర్చుని ఇదంతా టైప్ చేస్తున్నాను, ఓపిగ్గా చదువు.

నా మొదటి ఓనర్ కూడా బత్తా బాగా ఇచ్చేవాడు. 1998లో సంగతి, ఆరు టైర్ల బండి, విజయనగరం నుంచి సాలూరు మీదుగా కోరాపుట్ సైడు తిరిగేవాణ్ణి, ఇప్పుడు 26 అంటున్నారు గానీ అప్పుడది 43వ నంబరు నేషనల్ హైవే. ఘాట్ దిగేటప్పుడు న్యూట్రల్‌లో వదిలేయ్, డీజిల్ మిగుల్తాది అని ఓనరే నేర్పాడు నాకు, మిగిలిన డీజిల్లో నాకూ వాటా అన్నాడు, కుర్రతనం కదా, నమ్మేశాను. సుంకి నుంచి సాలూరు వైపు దిగుతుంటే ఒకరోజు బ్రేక్ లైనర్లు కాలిన వాసన, అద్దంలో చూస్తే వెనక చక్రాల దగ్గర పొగ, పెడల్ తొక్కితే కిందికి పోతోంది గానీ బండి ఆగదు. గేర్లో ఉంటే ఇంజనే బండిని పట్టి ఉంచేది, న్యూట్రల్‌లో ఆ బరువంతా బ్రేకుల మీదే పడిపోయింది. ఎడం పక్క కొండకి రాసుకుంటా పోయి ఆపాను, క్లీనర్ కుర్రాడికి చెయ్యి విరిగింది, దేవుడి దయ ఎవరూ పోలేదు. తర్వాత తెలిసింది ఆ బండికి ఇన్సూరెన్స్ ఎప్పుడో అయిపోయిందని. రిపేరు ఖర్చు ఎనిమిది నెలలు నా జీతంలో కోసుకున్నాడు, క్లీనర్ ఆసుపత్రి ఖర్చుకి రూపాయి తియ్యలేదు, అది మీ తాతగారు గేదెని అమ్మి కట్టారు. ఆ కుర్రాడి చెయ్యి ఇప్పటికీ పూర్తిగా లేవదు, కనిపించినప్పుడల్లా నాకు కడుపులో తిప్పుతాదిరా.

అందుకని ముందు బండిని చూడు, ఓనర్ని తర్వాత చూడొచ్చు, ఎందుకంటే ఓనర్ మాటలు ఎలాగైనా చెప్తాడు, బండి అబద్ధం చెప్పలేదు. ముందు టైర్లు రెండూ అరిగిపోయి ఉంటే, స్టెప్నీ పేరుకి ఉంటే, వైపర్ లేకపోతే, బ్రేకులకి ఎయిర్ నిండటానికి అరగంట పడుతుంటే, సీటు కింద నుంచి రోడ్డు కనిపిస్తుంటే, ఆ మనిషి నీకోసం కూడా ఏమీ ఖర్చు పెట్టడు అని అర్థం. కేబిన్లో ఏసీ లేదని మాత్రం తిట్టుకోకు, 2025 అక్టోబర్ 1 తర్వాత తయారైన పెద్ద బండ్లకే అది తప్పనిసరి, పాత బండ్లకి ఫ్యాన్ తిరిగితే చాలు. బండి నంబరు రాసుకుని ఫోన్లో ఎంపరివాహన్ యాప్‌లో కొట్టు, ఇన్సూరెన్స్, ఫిట్‌నెస్ తేదీలు కనిపిస్తాయి, నా రోజుల్లో ఇది లేదు, ఉంటే నా కథ ఇంకోలా ఉండేది. ఇన్సూరెన్స్‌లో డ్రైవర్‌కీ క్లీనర్‌కీ కవర్ ఉందా అని కూడా అడుగు, సిగ్గుపడకు.

ఆ తర్వాత పని ఏటంటే, ఆ ఓనర్ దగ్గర మానేసిన డ్రైవర్ని వెతుకు. ఇప్పుడు పన్జేస్తున్నవాణ్ణి అడిగితే బాగానే ఉందంటాడు, రేపు అతనికి జీతం కావాలి కదా. మానేసినోడు నిజం చెప్తాడు. మడపాం టోల్ దగ్గరో, ఇచ్ఛాపురం దగ్గరో బండ్లు ఆగిన చోట టీ తాగుతా ఫలానా బండి మీద ఎవరు చేసేవారని అడుగు, రెండు రోజుల్లో మనిషి దొరుకుతాడు. అతన్ని మూడే ప్రశ్నలు అడుగు: చలాన్లు ఎవరు కట్టారు, బస్తాలు తగ్గితే ఎవరి జీతంలో కోశారు, బండి రోడ్డు మీద ఆగిపోతే ఫోన్ ఎత్తాడా లేదా. మూడోది నాకు అన్నిటికన్నా ముఖ్యం, రాత్రి రెండింటికి అడవిలో ఏక్సిల్ విరిగితే ఫోన్ ఎత్తే ఓనర్ బంగారం.

ఓవర్‌లోడ్ గురించి మొహమాటం లేకుండా ముందే మాట్లాడు. ఆరు టైర్ల బండికి బండితో కలిపి 18.5 టన్నులు, పది టైర్లకి 28.5, 2018లో పెంచాక ఉన్న లెక్క ఇది. దాటితే చట్టంలో 20,000 ఫైను, ఆపైన ఎక్కువైన ప్రతి టన్నుకీ ఇంకో 2,000. ఓనర్ కట్టేస్తాడులే అనుకుంటావు, డబ్బులు కట్టొచ్చు, కానీ లైసెన్స్ సస్పెండ్ చెయ్యడానికి ఉన్న కారణాల్లో ఓవర్‌లోడ్ కూడా ఒకటి, పోయేది నీ లైసెన్స్. పెళ్లి జనాన్ని లారీ వెనక ఎక్కించడం కూడా ఆ జాబితాలోదే, మన ఊళ్లో వాళ్లు అడిగినా మావయ్యతో మాట్లాడి చెప్తాను అని తప్పించుకో.

ఒరిజినల్ లైసెన్స్ ఎవరికీ ఇవ్వకు, జిరాక్స్ ఇవ్వు. చెల్లి పెళ్లికి అని పెద్ద అడ్వాన్స్ ఇస్తానంటే తీసుకోకు, అది తీరేదాకా నువ్వు మానలేవు, ఎంత చెత్త బండైనా ఎక్కాల్సిందే. పెళ్లి సంగతి నేనూ మీ నాన్నా చూసుకుంటాం. ట్రిప్పు దిగిన రోజే లెక్క రాసి వాట్సాప్‌లో ఫోటో పెట్టు, డీజిల్, టోల్, హమాలీ, కాటా చీటీలతో సహా, నెలాఖరుకి గొడవ ఉండదు.

నిద్ర సంగతి కూడా చెప్పాలి. రవాణా కార్మికుల చట్టం 1961లోనే వచ్చింది, 2025 నవంబర్ దాకా అమల్లో ఉంది, అందులో రోజుకి 8 గంటలు, 5 గంటలకి ఒకసారి కనీసం అరగంట రెస్ట్ అని ఉండేది, దూరం ట్రిప్పులైతే 10 గంటల దాకా. రోడ్డు మీద ఎంతమంది పాటించారో నీకూ తెలుసు. వైజాగ్‌లో ఎత్తిన లోడు రాయపూర్‌లో ఎప్పటికి దింపాలండీ అని ఓనర్ని ఊరికే అడుగు. రేపు తెల్లారేసరికి అన్నాడంటే అక్కడే దణ్ణం పెట్టి వచ్చెయ్, ఘాట్ రోడ్డు మీద నువ్వు పడుకోకుండా పోవాలని అర్థం.

ఇక ఆ మూడింటి గురించి నా మాట. టెక్కలి గ్రానైట్ ట్రైలర్ ఇప్పుడు వద్దు, ఆ బ్లాకు ఒక్కటి ఒరిగితే కేబిన్ ఉండదు, మలుపుల్లో ట్రైలర్ వెనకభాగం ఎక్కడికి పోతాదో తెలియడానికి నీకు ఏడాదైనా కావాలి. పైడిభీమవరం కెమికల్ ట్యాంకర్‌కి మూడు రోజుల ట్రైనింగ్ చేసి లైసెన్స్ మీద వేయించుకోవాలి, అది లేకుండా రమ్మంటున్నారంటే వాళ్ల దగ్గర ఇంకేమేం లేవో ఆలోచించుకో. నరసన్నపేట బియ్యం లారీలాయన రెండు బండ్లే ఉన్నాయని, బత్తా తక్కువని తీసిపారేశావంట. నాకు మాత్రం అదే నచ్చింది, మొదటి నెల పాత డ్రైవర్ పక్కన కూర్చోమన్నాడు అని మీ అమ్మ చెప్పింది చూడు, అది వినగానే నాకు ప్రాణం లేచొచ్చింది. నన్ను అలా కూర్చోబెట్టినోడు ఉంటే క్లీనర్ చెయ్యి విరిగేది కాదు. ఏ గేర్లో ఎక్కావో ఆ గేర్లోనే దిగాలి అని ఆ పాతాయన మొదటి రోజే చెప్తాడు, నాకు ప్రమాదం అయ్యాక తెలిసింది.

ఇంకా మాటివ్వలేదు కదా. ఆదివారం పొద్దున్న నరసన్నపేట రా, నేనూ బస్సెక్కి వస్తాను, మోకాలు నొప్పైనా పర్లేదు. బండి కిందకి నేనే దూరి చూస్తాను, నువ్వు కేబిన్ చూడు, ఆ ముసలి డ్రైవర్‌తో కలిసి టీ తాగుదాం. వచ్చేటప్పుడు లైసెన్స్ జిరాక్స్ రెండు తీసుకురా.

మీ మావయ్య