స్ట్రీట్ ఫైటర్ బొమ్మలు: ఆస్తి పద్దులోనా, ఖర్చు పద్దులోనా?

ప్రశ్న: నా వయసు 42. హైదరాబాద్‌లో ఉద్యోగం. చేతికి నెలకు 1,10,000 వస్తుంది. హోమ్ లోన్ ఈఎంఐ 38,000, ఇంటి ఖర్చు 42,000, పాప చదువు కోసం సిప్ 10,000. చిన్నప్పుడు వీడియో గేమ్ పార్లర్‌లో స్ట్రీట్ ఫైటర్ 2 తెగ ఆడేవాణ్ణి. ఆ ఇష్టంతో నాలుగేళ్ళుగా అందులోని యాక్షన్ ఫిగర్లు కొంటున్నాను. మొత్తం 46 ఉన్నాయి, 3 లక్షల దాకా అయింది. వాటిలో 8 డబుల్స్, సీల్ తీయలేదు. ఇంకో 5 ప్రీఆర్డర్‌లో ఉన్నాయి. క్రెడిట్ కార్డు మీద 84,000 బాకీ ఉంటే మినిమమ్ డ్యూ కడుతూ వస్తున్నాను. వీటి ధర పెరుగుతుంది కాబట్టి పెట్టుబడి కిందే లెక్క అనుకుని సిప్ కొన్నాళ్ళు ఆపేయవచ్చా?

జవాబు: సిప్ ఆపవద్దు. ఆపాల్సింది ప్రీఆర్డర్లు. బొమ్మలు కొనుక్కోవడంలో తప్పేమీ లేదు, కానీ వాటిని ఆస్తి పద్దులో రాసుకోకండి. మీ లెక్కల పుస్తకంలో ఆ 46 బొమ్మల విలువ సున్నా అని వేసుకోండి. రేపు అమ్మితే వచ్చింది లాభమే.

ముందు కార్డు సంగతి. నెలకు 3.5 శాతం వడ్డీ అనుకుంటే 84,000 మీద 2,940. దాని మీద 18 శాతం జీఎస్టీ 529. అంటే నెలకు 3,469 ఊరికే పోతోంది. మినిమమ్ డ్యూ 5 శాతం, అంటే 4,200 కడితే అసలులో తగ్గేది 731 మాత్రమే. చాలామంది గమనించని ముచ్చట ఇంకోటుంది: పాత బాకీ పూర్తిగా తీర్చనంత కాలం కొత్త కొనుగోళ్ళకు వడ్డీ లేని గడువు వర్తించదు. ఈ రోజు బుక్ చేసిన బొమ్మకు ఈ రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది. అది ఇంటికి వచ్చేది ఆరేడు నెలల తర్వాత కావచ్చు. ‘నో కాస్ట్’ ఈఎంఐ కూడా పూర్తిగా ఉచితం కాదు. వడ్డీ మేరకు డిస్కౌంట్ ఇచ్చినా దాని మీది జీఎస్టీ, ప్రాసెసింగ్ ఫీజు మీ నెత్తినే పడతాయి.

ఇక ఒక్కో బొమ్మ అసలు ఖర్చు. 80 డాలర్ల ఫిగర్‌ను విదేశీ స్టోర్ నుంచి తెప్పించారనుకుందాం. డాలరు 90 రూపాయల లెక్కన 7,200. షిప్పింగ్ 30 డాలర్లు, అంటే 2,700. కార్డు ఫారెక్స్ మార్కప్ (విదేశీ కరెన్సీ చెల్లింపు మీద బ్యాంకు వేసే అదనపు రుసుము) 3.5 శాతం, దాని మీద జీఎస్టీ కలిపి సుమారు 409. కస్టమ్స్ సుంకం బొమ్మ ధర మీదే కాదు, షిప్పింగ్‌తో కలిపిన మొత్తం మీద వేస్తారు. ఏ పద్దు కింద పాస్ చేశారన్నదాన్ని బట్టి శాతం మారుతుంది. లెక్కకు 40 అనుకుంటే 3,960. కొరియర్ వాళ్ళ హ్యాండ్లింగ్ ఫీజు వేయకుండానే 14,269 అయింది. అమ్మేటప్పుడు కొనేవాడు చూసేది ఆ 80 డాలర్లనే. మిగతా సగం ఏ రూపంలోనూ తిరిగి రాదు.

“ధర పెరుగుతుంది కదా” అన్నారు. కొన్నింటికి పెరుగుతుంది. కానీ మళ్ళీ అచ్చు వేయకూడదన్న నియమం ఏ కంపెనీకీ లేదు. రీఇష్యూ ప్రకటన రాగానే పాత స్టాకు ధర దిగిపోతుంది. పోటీ వేరే వైపు నుంచి కూడా వస్తుంది. స్టార్మ్ కలెక్టిబుల్స్ అనే కంపెనీ ఫిగర్లు ఖరీదైనవి. 2023లో జాడా టాయ్స్ ఈ గేమ్ పాత్రలైన ర్యూ, చున్-లీ, ఫే లాంగ్‌లతో ఆరంగుళాల వరుస మొదలుపెట్టింది. అమెరికాలో ఒక్కోటి పాతిక డాలర్ల చుట్టుపక్కలే. షెల్ఫులో ఒక ర్యూ ఉంటే చాలనుకునేవాళ్ళకు అది సరిపోతుంది, కాబట్టి ఖరీదైనదాని కోసం వెతికేవాళ్ళు ఆ మేరకు తగ్గుతారు. 1993లో హాస్‌బ్రో తన జి.ఐ. జో అనే సైనికుల బొమ్మల వరుసలో తెచ్చిన స్ట్రీట్ ఫైటర్ బొమ్మలంత పాతవాటికైనా ధర పలకాలంటే బొమ్మతో వచ్చిన అట్ట కార్డు, ప్యాకింగ్, ఆయుధాలు అన్నీ ఉండాలి. ఆన్‌లైన్‌లో అమ్మకానికి పెట్టిన ధర చూసి మురిసిపోకండి, అమ్ముడైన ధరల జాబితా చూడండి. అందులోంచి ప్లాట్‌ఫామ్ కమిషన్, ప్యాకింగ్, పోస్టేజీ తీసేస్తేనే మీ చేతికొచ్చేది తేలుతుంది.

పైగా ఇది ప్లాస్టిక్. పీవీసీని మెత్తబరచడానికి కలిపిన ప్లాస్టిసైజర్ అనే రసాయనం వేడికి మెల్లగా పైకి ఊరి, బొమ్మ జిగురుగా తయారవుతుంది. గాలాడని సీల్డ్ పెట్టెలో ఇది ఇంకా ఎక్కువ. మన మే నెల ఎండల్లో అటక మీద పెట్టిన సీల్డ్ డబ్బాకు అందుకే భరోసా లేదు. ఎండ తగిలితే తెల్ల భాగాలు పసుపెక్కుతాయి. ర్యూ తెల్ల డ్రెస్ మీద ఇది ఇట్టే కనిపిస్తుంది. జిగురెక్కితే గోరువెచ్చని నీళ్ళలో గిన్నెలు తోమే లిక్విడ్ నాలుగు చుక్కలు వేసి కడిగి, నీడన ఆరబెట్టండి. కొత్త బొమ్మ కీలు బిగుసుకుని ఉంటే బలవంతంగా తిప్పొద్దు, లోపలి పిన్ను విరుగుతుంది. హెయిర్ డ్రయ్యర్‌తో నిమిషం వేడి చేసి తిప్పండి. విరిగిన చెయ్యి ఉన్న ఫిగర్‌కు రీసేల్‌లో పావు ధర రావడమూ కష్టమే.

ఇప్పుడు చేయాల్సింది. ఆ 5 ప్రీఆర్డర్లలో ఇంకా షిప్ కానివి ఈ వారంలోనే రద్దు చేయండి. కొన్ని స్టోర్లు అడ్వాన్స్ తిరిగివ్వవు, అయినా పోనివ్వండి. మిగతా మొత్తం, దాని మీద సుంకం తప్పుతాయి. 8 డబుల్స్ అమ్మేయండి, 25,000 వచ్చినా చాలు. అది కార్డులో వేస్తే బాకీ 59,000. ఇంటి ఖర్చు, ఈఎంఐ, సిప్ పోను మీ దగ్గర మిగిలే 20,000 ప్రతి నెలా కార్డుకే కడితే నాలుగో నెలలో తీరిపోతుంది. డబుల్స్ అమ్ముడుపోకపోతే ఐదో నెలలో. ఆ లోపు కార్డుతో ఇంకేమీ కొనకూడదు.

బాకీ తీరాక ఆ 20,000లో 12,000 అత్యవసర నిధికి, 4,000 సిప్ పెంచడానికి, 4,000 బొమ్మలకు. ఈ చివరి 4,000 వేరే సేవింగ్స్ ఖాతాలో పడాలి, కొనుగోళ్ళు ఆ ఖాతా డెబిట్ కార్డుతోనే జరగాలి. ఏడాదికి 48,000 అవుతుంది. పైన వేసిన లెక్కన మూడు ఇంపోర్టెడ్ ఫిగర్లు.

కలెక్షన్‌కు ఒక గీత గీయండి. 1991లో వచ్చిన గేమ్‌లో ఆడే పాత్రలు 8, బాసులు 4. 1993 సూపర్ వెర్షన్‌తో ఇంకో 4, 1994లో అకూమా. మొత్తం 17. ఒకే కంపెనీ, ఒకే సైజు, పాత్రకు ఒకటి అనుకుంటే సెట్ పూర్తవుతుంది. జేబు గుల్ల చేసేది సెకండ్ ప్లేయర్ రంగులు: అచ్చు అదే, రంగు వేరు, ధర మాత్రం పూర్తి ధర. మీ 46లో అలాంటివి ఎన్నున్నాయో లెక్కపెట్టండి. తర్వాత అమ్మాల్సినవి అవే.

ఒక్క మాట పన్ను గురించి. సొంత వాడకానికి కొన్నదాన్ని ఎప్పుడో ఒకసారి అమ్మడం వేరు. రెండేసి కొని ఒకటి లాభానికి అమ్ముతూ పోతే అది వ్యాపార ఆదాయం కిందికి వస్తుంది, రిటర్న్‌లో చూపాలి. ఇన్‌వాయిస్‌లు, కస్టమ్స్ రసీదులు ఒకే ఫోల్డర్‌లో పెట్టుకోండి. ఇంటి సామాన్ల ఇన్సూరెన్స్‌లో ఈ బొమ్మలను చేర్చాలన్నా ముందు అడిగేది వాటినే.