అటక మీద దొరికిన ట్యాంకు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మా బాబాయి సింగపూర్‌లో పనిచేసేటప్పుడు కొన్న టమియా కంపెనీ సెంచూరియన్ ట్యాంకు ప్లాస్టిక్ మోడల్ కిట్, 1/35 సైజుది, ఈ మధ్యే అటక మీద దొరికింది. రబ్బరులాంటి ట్రాక్‌లు (చక్రాల చుట్టూ తిరిగే పట్టీలు) చక్రాల మీద పడి ఉండి, తగిలిన చోటల్లా ప్లాస్టిక్ కరిగింది. ట్యాంకు అడుగున పెద్ద పెద్ద కన్నాలు కూడా ఉన్నాయి. ఇది పాడైపోయినట్టేనా, కొత్తది కొనుక్కోమంటారా? (కాకినాడ నుంచి ఒక పాఠకుడు)

జవాబు: దయచేసి పడేయకండి. నలభై ఏళ్లు పెట్టెలో ఉన్నా పాలీస్టైరీన్ ప్లాస్టిక్‌కి పెద్దగా ఏమీ కాదు. పాడయ్యేవి మూడే: ట్రాక్‌లు, డెకాల్ స్టిక్కర్లు, ట్యూబులో ఎండిపోయిన జిగురు. మూడింటికీ మందు ఉంది.

ముందు ఆ కన్నాల సంగతి. అవి ఎవరో చేసిన పాడు పని కాదు. అప్పట్లో ఈ ట్యాంకులు బ్యాటరీ మోటారుతో నడిచే బొమ్మలు కూడా, వైర్లకీ స్విచ్‌కీ అడుగున దారి కావాలి. అసలు 1/35 అనే వింత కొలత పుట్టింది కూడా బ్యాటరీల వల్లే. 1960ల మొదట్లో టమియా వాళ్లు పాంథర్ ట్యాంకు చేస్తూ లోపల బ్యాటరీలు పట్టేంత పెద్దగా చేశారు, తర్వాత లెక్కేసుకుంటే అసలు ట్యాంకులో 35వ వంతు తేలింది, ఇవాళ ప్రపంచమంతా ట్యాంకు మోడళ్లకి బాగా వాడుకలో ఉన్న కొలత అదే. ఈ కన్నాలు మూయడానికి పాత సీడీ డబ్బా చాలు, చాలా వరకు అదీ పాలీస్టైరీనే, మోడల్ జిగురు పట్టేస్తుంది. పెళుసుగా ఉంటుంది కాబట్టి ఒక్క దెబ్బకి కోయొద్దు, బ్లేడుతో నాలుగైదు సార్లు గీత గీసి విరవండి. లోపలి నుంచి ముక్క అంటించి, పైన మిగిలిన గుంటలో ఎం-సీల్ నింపి తడి వేలితో చదును చేయండి, రాత్రంతా వదిలేసి మర్నాడు నీళ్లలో ముంచిన సాండ్‌పేపర్‌తో రుద్దండి. కిట్ భాగాలు అంటుకుని వచ్చే ప్లాస్టిక్ ఫ్రేము ముక్కల్ని చిన్న సీసాలో పల్చటి జిగురులో కరిగించినా మంచి పుట్టీ వస్తుంది, అది సన్న సందులకి బాగా పనికొస్తుంది. పెద్ద కన్నాలకి మాత్రం వాడొద్దు, ఆరేటప్పుడు లోపలికి కుంగుతుంది.

ఇక కరిగిన చక్రాలు. ట్రాక్‌ని మెత్తగా ఉంచడానికి అందులో కలిపే పదార్థం ఏళ్ల తరబడి మెల్లగా బయటికొచ్చి, తగిలిన ప్లాస్టిక్‌ని తినేస్తుంది. నేనూ ఒకసారి పూర్తయిన మోడల్‌ని అద్దాల బీరువాలో పెట్టి మర్చిపోయాను, కొన్నేళ్ల తర్వాత చూస్తే చక్రాలు ట్రాక్‌లోకి దిగబడిపోయి ఉన్నాయి, ఎంత బాధపడ్డానో చెప్పలేను. సెంచూరియన్‌కి ఒక్కో పక్క 6 జతల చక్రాలు. వాటిలో బాగా కరిగినవాటిని లోపలి వరసకి పంపండి, బయటికి కనిపించవు. మిగతావాటికి పుట్టీ పెట్టి, చక్రాన్ని ఒక పుల్లకి గుచ్చి తిప్పుతూ సాండ్‌పేపర్ ఆనిస్తే గుండ్రంగా వస్తుంది. ఈసారి ట్రాక్ తగిలే ప్రతి చోటా రెండు పూతల పెయింటు బాగా ఆరాకే ట్రాక్ ఎక్కించండి. ఆ పొరే ప్లాస్టిక్‌కి అడ్డం నిలబడుతుంది. ట్రాక్ పెళుసెక్కి విరుగుతుంటే మాత్రం దానితో కుస్తీ పట్టకండి, విడిగా అమ్మే ప్లాస్టిక్ లింకుల సెట్టు కొనండి. ఈ కిట్ మీద డబ్బు పెట్టాల్సిన చోటు అదొక్కటే అని నా అభిప్రాయం.

ఇంకో మాట, మీరు అడగకపోయినా. సెంచూరియన్ అంటే మనకి బయటి ట్యాంకేం కాదు. పాకిస్తాన్‌తో యుద్ధంలో 1971 డిసెంబరు 16న బసంతర్ దగ్గర పూనా హార్స్ రెజిమెంటుకి చెందిన సెకండ్ లెఫ్టినెంట్ అరుణ్ ఖేతర్‌పాల్ చివరిదాకా పోరాడింది ఫమగుస్తా అనే సెంచూరియన్‌లోనే, అప్పటికి ఆయన వయసు 21. ఆ ట్యాంకే చేయాలనిపిస్తే ముందు ఫిరంగి గొట్టం చూడండి. మీ కిట్ మార్క్ 3, దాని గొట్టం సాదాగా ఉంటుంది. ఫమగుస్తా గొట్టానికి మధ్యలో లావుపాటి డ్రమ్ములాంటి భాగం ఉంటుంది, పేలినప్పుడు పొగ టర్రెట్‌లోకి (ఫిరంగి ఉండే, పైన తిరిగే భాగంలోకి) రాకుండా లాగేది అదే. సరిపోయే స్ట్రా ముక్కో, జిగురు రాసి చుట్టిన కాగితమో చాలు, దగ్గరగా చూసేవాడు కూడా గుర్తుపట్టడు.

ప్రశ్న: నా దగ్గర పాత షెర్మన్ కిట్ ఉంది. మన హైదరాబాద్‌తో సంబంధమున్న ట్యాంకుగా చేయొచ్చా? రంగు ఏది వేయాలి? (నల్గొండ నుంచి ఒక విద్యార్థి)

జవాబు: చేయొచ్చు నాన్నా, మంచి ఆలోచన. నిజాం కాలపు అశ్విక దళం నుంచి వచ్చిన డెక్కన్ హార్స్ రెజిమెంటు 1965 సెప్టెంబరులో పంజాబ్‌లోని అసల్ ఉత్తర్ దగ్గర షెర్మన్లతోనే పాకిస్తాన్ ప్యాటన్ ట్యాంకుల్ని ఎదుర్కొంది. వాళ్ల షెర్మన్లది పొడుగు 76 ఎం.ఎం. ఫిరంగి, పాత కిట్లు చాలావాటిలో వచ్చేది పొట్టి 75, కాబట్టి పెట్టె తెరవగానే అది సరిచూసుకో. వీలైతే ఒకసారి హుస్సేన్ సాగర్ ఒడ్డున పెట్టిన పాకిస్తాన్ ప్యాటన్ దగ్గరికి వెళ్లు. షెర్మన్ కాకపోయినా, పోత పోసిన ఉక్కు ఎంత గరుకుగా ఉంటుందో, వెల్డింగు అతుకు ఎలా ఉబ్బుతుందో అక్కడ కళ్లారా చూడొచ్చు. ఆ గరుకుతనం టర్రెట్ మీద రావాలంటే పల్చటి జిగురు పూసి, ప్లాస్టిక్ మెత్తబడగానే గట్టి కుచ్చు బ్రష్షుతో పొడుస్తూ పో.

రంగు గురించి టెన్షన్ పడకు. ఆలివ్ గ్రీన్ తీసుకుని కొంచెం లేత పసుపు కలుపు, ఎందుకంటే చిన్న మోడల్ మీద అసలు రంగు వేస్తే నల్లగా కనిపిస్తుంది. ఎండలో పనిచేసిన ట్యాంకు వెలిసిపోతుంది కూడా. హార్డ్‌వేర్ షాపు స్ప్రే డబ్బా నేరుగా కొట్టొద్దు, కొన్నిటిలోని థిన్నర్ ప్లాస్టిక్‌ని పగలగొడుతుంది, ముందు ఫ్రేము ముక్క మీద కొట్టి చూడు. పంజాబ్ దుమ్ము కోసం గోధుమ రంగు ఆయిల్ పెయింటుని బాగా పల్చన చేసి మూలల్లోకి వదులు, అయితే అది వార్నిష్ పూత ఆరాకే.

ప్రశ్న: డెకాల్స్ పచ్చబడ్డాయి. పోయినసారి నీళ్లలో వేయగానే ముక్కలయ్యాయి. (విజయవాడ)

జవాబు: కాగితాన్ని పారదర్శకమైన కవర్లో పెట్టి, ఎండ పడే కిటికీ అద్దానికి రెండు మూడు వారాలు అంటించి ఉంచండి, పసుపు చాలావరకు పోతుంది. తర్వాత పైన పల్చగా క్లియర్ వార్నిష్ కొట్టి, ఆరాక ఒక్కో గుర్తునీ అంచు దాకా కత్తిరించండి. అక్కర్లేని నంబరొకటి ముందు నీళ్లలో వేసి చూసి, అది విరగకపోతేనే మిగతావి. అంటించే చోట పెయింటు నిగనిగలాడుతూ ఉండాలి, మ్యాట్ (మెరుపు లేని) పెయింటు మీద అంటిస్తే కింద గాలి చిక్కి వెండి మరకల్లా కనిపిస్తుంది.

ప్రశ్న: చివర్లో మ్యాట్ వార్నిష్ కొట్టగానే ట్యాంకంతా తెల్లగా బూజు పట్టినట్టయింది. (విశాఖపట్నం)

జవాబు: వాన రోజున కొట్టి ఉంటారు, గాలిలో తేమ అందులో చిక్కుకుంది. గీకేయకండి. పొడి ఎండ కాసిన రోజు మధ్యాహ్నం అదే వార్నిష్ ఇంకో పల్చటి పూత కొట్టండి, చాలాసార్లు ఆ తెలుపు దానంతటదే తగ్గిపోతుంది.