తేదీ ఇద్దరికీ మారింది కదా, గోల మావాడికేనా?

ప్రశ్న: మా అబ్బాయి అమెరికాలో చదువుతున్నాడు. తుపాను వల్ల వాళ్ల కాలేజీ ఫుట్‌బాల్ (బంతిని చేత పట్టుకుని పరుగెత్తే అమెరికా ఆట) జట్టు చిరకాల ప్రత్యర్థితో ఆడాల్సిన ఆటను ఆరు వారాలు వాయిదా వేశారట. "మా కొంప మునిగిందమ్మా" అని ఫోన్లో ఒకటే గోల. తేదీ మారింది ఇద్దరికీ కదా, వీళ్లకే ఏం కష్టం వచ్చింది? - ఓ తల్లి

జవాబు: ఆ గోల నేనూ పెట్టినవాణ్ణేనమ్మా. 2001లో ఫ్లోరిడా యూనివర్సిటీలో ఎమ్మెస్ చేస్తున్నాను. సెప్టెంబరు 15న మా యూనివర్సిటీ ఉన్న గెయిన్స్‌విల్‌లో టెనెసీ యూనివర్సిటీతో ఆట. టికెట్టు పుస్తకంలో దాచుకున్నాను. నాలుగు రోజుల ముందు న్యూయార్క్‌లో జంట భవనాలు కూలాయి. ఆటను డిసెంబరు 1కి మార్చారు. దానికోసం మా కాన్ఫరెన్స్ (మా జట్లు ఆడే లీగు) ఫైనల్‌నే వారం వాయిదా వేశారు.

సెప్టెంబరులో ఓడితే కోలుకోడానికి సీజనంతా ఉంటుంది. డిసెంబరు వచ్చేసరికి రెండు జట్లూ తొమ్మిదేసి గెలిచి ఒక్కోటి ఓడాయి. ఇక గెలిచినవాళ్లే మా కాన్ఫరెన్స్ తూర్పు విభాగం విజేతలు, ఫైనల్‌కి వెళ్లేదీ వాళ్లే. ఈలోగా మా ఎర్నెస్ట్ గ్రాహం, అదే బంతి పట్టుకుని దూసుకెళ్లే కుర్రాడు, నవంబరు 17 ఆటలో మోకాలు దెబ్బ తీసుకుని కూర్చున్నాడు. సెప్టెంబరులోనే ఆడి ఉంటే మైదానంలో ఉండేవాడు. అవతల టెనెసీ ఆటగాడు ట్రావిస్ స్టీఫెన్స్ బంతితో ఏకంగా 226 గజాలు పరుగెత్తాడు. ఆఖర్లో మేం 32కి చేరాం, వాళ్లవి 34. ఆ స్కోరు తర్వాత దొరికే అదనపు అవకాశంలో, సమం చేసే రెండు పాయింట్ల కోసం విసిరిన పాస్ చేతికందలేదు. నా పక్క సీటాయన టోపీ మొహం మీదకు లాక్కుని చాలాసేపు లేవలేదు.

పోనీ టెనెసీ బాగుపడిందా? వారానికే అట్లాంటాలో జరిగిన ఆ కాన్ఫరెన్స్ ఫైనల్లో ఎల్‌ఎస్‌యూ (లూసియానా స్టేట్ యూనివర్సిటీ) చేతిలో 31-20తో ఓడి, జాతీయ టైటిల్ ఆటకు వెళ్లే దారి పోగొట్టుకుంది. అలసట అందామంటే కుదరదు. ఎల్‌ఎస్‌యూ కూడా అదే డిసెంబరు 1న, వాయిదా పడిన ఆటే ఆబర్న్ యూనివర్సిటీతో ఆడి వచ్చింది!

మీవాడి సంగతికి దగ్గరిది 2016 కథ. మాథ్యూ హరికేన్ వల్ల అక్టోబరు 8న మా గెయిన్స్‌విల్‌లో జరగాల్సిన ఎల్‌ఎస్‌యూ ఆటను నవంబరు 19న వాళ్ల బేటన్ రూజ్‌లో పెట్టారు. ఆ రోజు చిన్న జట్లతో పెట్టుకున్న ఆటలు ఇద్దరూ వదులుకోవాల్సొచ్చింది. అంటే పెద్ద ఆటగాళ్లకు కాస్త ఊపిరి పీల్చుకునే రోజు పోయిందన్నమాట. మాకైతే సొంత మైదానం కూడా పోయింది. అయినా 16-10తో మేమే గెలిచాం, గోల్ లైన్ (దాటితే పాయింట్లొచ్చే గీత) దగ్గర వాళ్లను ఆఖరి ప్రయత్నంలో ఆపి. ఆ రాత్రి నా అరుపులకు పక్కింటివాళ్లు లేచారు.

అందుకని మీవాణ్ణి అడగండి: కొత్త తేదీకి ముందువారం ఎవరితో ఆడాలి, ఆట లేని సెలవు వారం ఉందా పోయిందా, దెబ్బలు తగిలినవాళ్లు అప్పటికి తిరిగొస్తారా? ఆట ఏ ఊళ్లో పెట్టారో మీరు రాయలేదు. ఇంకా మీవాడి కాలేజీ మైదానంలోనే అయితే, గోల సగానికి తగ్గించమన్నానని చెప్పండి.