టీవీ కొనాలా, ఇంకో టీచర్‌ని పెట్టాలా?

ప్రశ్న: కూలిపనికి వెళ్లేవాళ్ల పిల్లల కోసం, మూడు నాలుగేళ్ల వాళ్లకి, మేం నలుగురం స్నేహితులం కలిసి ఒక గదిలో చిన్న బడి నడుపుతున్నాం. పద్దెనిమిది మంది పిల్లలు, టీచర్ ఒక్కరే. ఆర్నెల్లయినా చాలామందికి అక్షరాలు రాలేదు, టెన్షన్‌గా ఉంది. చేతిలో ఉన్న డబ్బుతో పెద్ద టీవీ కొని పాటలు, అక్షరాలు చూపిద్దామా, ఇంకో టీచర్‌ని పెడదామా?

జవాబు: టీచర్‌నే పెట్టండి. మూడేళ్లకి అక్షరాలు రాకపోతే కొంపేం మునగదు. ఓ పిల్ల గ్లాసులో నీళ్లు వెడల్పాటి గిన్నెలో పోసి ‘తగ్గిపోయాయి’ అందనుకోండి. పద్దెనిమిది మందితో సతమతమయ్యే టీచర్ ‘ఒలకబోయకు, కూర్చో’ అంటుంది, పాపం ఆవిడ తప్పు కాదు. తొమ్మిది మందే ఉంటే ‘ఎక్కడికి పోయాయే? మళ్లీ గ్లాసులో పోసి చూద్దామా?’ అని అడిగే తీరిక దొరుకుతుంది. ఆ మాటామంతీ టీవీతో జరగదు.

1962లో అమెరికాలోని మిచిగాన్ రాష్ట్రం, ఇప్సిలాంటిలో పెర్రీ ప్రీస్కూల్ అని పేద నల్లజాతి పిల్లలకి ఇలాంటి బడే పెట్టారు. మొత్తం 123 మందిలో 58 మందిని చేర్చుకుని, మిగతా 65 మందిని పోల్చి చూడటానికి ఉంచారు. పొద్దున రెండున్నర గంటల బడి, ఐదారుగురికి ఒక టీచర్. ఏం ఆడుకుంటారో పిల్లలే ముందు చెప్పి, ఆడి, తర్వాత ఏం చేశారో చెప్పేవాళ్లు. టీచర్లు వారానికోసారి ఇంటికెళ్లి తల్లీబిడ్డలతో గంటన్నర గడిపేవాళ్లు. తమాషా ఏంటంటే, ఐక్యూలో వచ్చిన తేడా కొన్నేళ్లకే కరిగిపోయింది. కానీ నలభై ఏళ్ల వయసులో చూస్తే, బడికి వెళ్లినవాళ్లలో హైస్కూలు పూర్తిచేసినవాళ్లు ఎక్కువ, సంపాదన ఎక్కువ, అరెస్టులు తక్కువ. చిన్న గుంపే, నిజమే, అయినా ఆర్నెల్లకే అక్షరాలు లెక్కపెట్టి కంగారుపడొద్దని చెప్పడానికి ఇది చాలు.

మీరు అడగలేదు గానీ, బడి వేళలు తల్లుల పని వేళలకి కుదురుతున్నాయా? తల్లి తెల్లారే పనికెళ్లిపోతే, చిన్నదాన్ని దింపడానికీ తీసుకెళ్లడానికీ అక్క తన బడి మానేస్తుంది. రెండో టీచర్ వస్తే పొద్దున ఒకరు తొందరగా తెరవచ్చు, సాయంత్రం ఒకరు ఆలస్యంగా మూయొచ్చు. తల్లి వచ్చినప్పుడు ఇలా పెంచాలి అలా పెంచాలి అని క్లాసు పీకొద్దు, అలసిపోయి ఉంటుంది. ఇవాళ బిడ్డ ఏం చేసిందో రెండు ముక్కలు చెప్పి, ఇంట్లో ఏం కబుర్లు చెబుతోందో అడగండి.