తాతయ్య రెండో ప్రపంచ యుద్ధంలో బర్మా వెళ్లారట. ఆయన పేరు, ఊరు తెలుసు, ఇంట్లో రెండు పతకాలున్నాయి. ఏ యూనిట్లో చేశారో ఎలా తెలుస్తుంది?

పేరు, ఊరు తెలిసినా పేరుతో మొదలుపెట్టకండి. అప్పటి రికార్డుల్లో ఇంటిపేరు అరుదు. అప్పలస్వామి అన్న పేరునే ఇంగ్లీషులో నాలుగు రకాలుగా రాశారు. మనిషిని పట్టిచ్చేది రెజిమెంటల్ నంబరు, అంటే సైన్యంలో ఆ సిపాయికిచ్చిన నంబరు.

అది పతకం మీదే ఉండొచ్చు. వార్ మెడల్ అయితే అంచు, బర్మా స్టార్ అయితే వెనకవైపు చూడండి. బ్రిటిష్ సిపాయిలవి ఖాళీగా ఉంటాయి గానీ మనవాళ్లకిచ్చిన వాటిమీద చాలావరకు నంబరు, పేరు, యూనిట్ చెక్కి ఉంటాయి. చింతపండు పెట్టి తోమారో, ఆ కాస్త అక్షరాలూ అరిగిపోతాయి. కొంచెం టాల్కం పౌడరు అద్ది తుడిచి, టార్చి వెలుగు పక్కనుంచి పడేలా పట్టుకుంటే కనిపిస్తాయి.

పతకం మీద '4/3 మద్రాస్' అని ఉంటే 3వ మద్రాస్ రెజిమెంటులో 4వ బెటాలియన్. తిరగేసి చదివితే వెతుకులాటంతా దారి తప్పుతుంది. '19 హైదరాబాద్' అని ఉంటే నిజాం సైన్యం అనుకునేరు, కాదు. 1945లో కుమావ్ రెజిమెంటుగా మారింది అదే.

నంబరు దొరికాక ఆ రెజిమెంటు రికార్డ్ ఆఫీసుకు ఉత్తరం రాయండి. మద్రాస్ రెజిమెంటుకు ఊటీ దగ్గరి వెల్లింగ్టన్, సైనిక ఇంజినీర్ల దళమైన మద్రాస్ శాపర్స్‌కు బెంగళూరు. తండ్రి పేరు, పాత తాలూకా, జిల్లా, మీ బంధుత్వానికి రుజువు జతచేయండి. పెన్షన్ రానివాళ్ల ఫైళ్లు సాధారణంగా 25 ఏళ్లకు నాశనం చేసేస్తారు, అందుకే 'సర్వీసు రికార్డు' అని మాత్రమే అడిగితే 'లేదు' అని జవాబొస్తుంది. 'లాంగ్ రోల్' (సిపాయిల నంబర్లు, పేర్లు రాసిపెట్టే పుస్తకం) వివరాలు అని విడిగా అడగండి, ఆ పుస్తకం ఉంచుతారు.

యుద్ధంలో చనిపోయినవారైతే కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ సైట్లో ఉచితంగా వెతకొచ్చు. సమాధి లేనివారి పేర్లు రంగూన్ దగ్గర తౌక్యాన్ స్మారకం మీద ఉంటాయి. శ్రీకాకుళం జిల్లా 1950లో ఏర్పడింది కాబట్టి అక్కడివారిని వైజాగపటం (అప్పటి విశాఖపట్నం జిల్లా) కింద చూడండి.

ఇక యూనిట్ రోజువారీ డైరీలు లండన్ క్యూ (Kew)‌లోని నేషనల్ ఆర్కైవ్స్‌లో, డబ్ల్యు.ఓ. (వార్ ఆఫీస్) 172 వరుసలో ఉన్నాయి. కాపీలు తెప్పించుకుంటే డబ్బు కట్టాలి. అక్కడున్న బంధువెవరైనా రీడర్ టికెట్ తీసుకుని వెళితే ఫోన్‌తో ఫొటోలు ఊరికే తీసుకోవచ్చు. సిపాయిల పేర్లు వాటిలో దాదాపు కనపడవు, యూనిట్ ఏ రోజు ఎక్కడుందో తెలుస్తుంది. శాపర్స్‌కు మాత్రం ఫీల్డ్ కంపెనీ (వాళ్లలోని చిన్న దళం) నంబరు ఉంటే గానీ ఏ డైరీ తెరవాలో తెలీదు. పతకం మీద అది ఉండదు, సైన్యం నుంచి పంపేటప్పుడు ఇచ్చిన డిశ్చార్జి పుస్తకం కోసం పాత ట్రంకుపెట్టెలు వెతకాల్సిందే.