జీతం లేకపోయినా అది ఉద్యోగమే: ఓపీటీ 90 రోజుల లెక్క

ప్రశ్న: అమెరికాలో ఎఫ్-1 వీసా మీద డేటా సైన్స్‌లో ఎంఎస్ చేసి, మే నెలలో పూర్తి చేశాను. ఓపీటీ (చదువయ్యాక ఆ సబ్జెక్టులోనే పనిచేయడానికి ఇచ్చే తాత్కాలిక అనుమతి) జులై 1న మొదలైంది. ఈఏడీ (పని అనుమతి) కార్డు పోస్టులో ఆలస్యమై జులై 19న చేతికొచ్చింది. అప్పటి నుంచి లెక్కేస్తే 80 రోజులయ్యాయి, ఇంకా పది రోజులే మిగిలాయి. ఎన్ని అప్లికేషన్లు పెట్టినా ఉద్యోగం రాలేదు. నాన్న 38 లక్షలు లోన్ తీసుకుని పంపారు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఖాళీగా కూర్చోలేక ఆగస్టు 11 నుంచి మా ప్రొఫెసర్ గారి ల్యాబ్‌లో వారానికి సుమారు ఇరవై గంటలు జీతం లేకుండా పనిచేస్తున్నాను. జీతం లేదు కదా అని, ఉద్యోగ వివరాలు నమోదు చేసే పోర్టల్‌లో పెట్టలేదు. యూనివర్సిటీ నుంచి రెండు మెయిల్స్ వస్తే భయమేసి తెరవలేదు. రూమ్మేట్‌కి తెలిసిన ఒక కన్సల్టెన్సీ వాళ్లు 800 డాలర్లు ఇస్తే జులై 1 తేదీతో ఆఫర్ లెటర్ ఇస్తామంటున్నారు. నెలనెలా డబ్బు నేనే కడితే పేరోల్ రన్ చేసి పే స్టబ్స్ (జీతపు చీటీలు) కూడా ఇస్తారట. అందరూ ఇలాగే చేస్తున్నారట. ఈలోగా ఏదైనా స్టోర్‌లో క్యాష్‌కి పనిచేయవచ్చా? దయచేసి ధైర్యం చెప్పండి. (అక్టోబర్ 6న రాసిన ఉత్తరం, కుదించి ఇస్తున్నాం.)

జవాబు: మీ అసలు ఉత్తరంలో లోన్ గురించి రెండు పేజీలున్నాయి, ల్యాబ్ గురించి ఒక్క వాక్యం ఉంది. కేసు తేలేది ఆ ఒక్క వాక్యం మీదే. లోన్ ఎంతైనా, నిద్ర పట్టకపోయినా ఇమిగ్రేషన్ చట్టానికి సంబంధం లేదు కాబట్టి వాటి జోలికి నేను వెళ్లను.

ముందు మీ లెక్క తప్పు. చదువు పూర్తయ్యాక వచ్చే ఓపీటీలో ఉద్యోగం లేకుండా ఉండగలిగేది మొత్తం 90 రోజులు. ఆ లెక్క కార్డు మీ పోస్టు డబ్బాలో పడిన రోజు నుంచి మొదలుకాదు, కార్డు మీద అచ్చయిన ప్రారంభ తేదీ నుంచి మొదలవుతుంది. శని, ఆదివారాలు, సెలవులు అన్నీ అందులో కలుస్తాయి. మీకు జులైలో 31, ఆగస్టులో 31, సెప్టెంబర్ 28 వరకు 28. అక్కడికి 90 నిండాయి. మీరు ఉత్తరం రాసిన రోజు తొంభై ఎనిమిదోది. పది రోజులు మిగిలాయని మీరు అనుకుంటున్నారు, ప్రభుత్వ రికార్డు ప్రకారం ఎనిమిది రోజులు దాటిపోయాయి.

ఇక ఆ ఒక్క వాక్యం. ఓపీటీ మొదటి 12 నెలల్లో ఉద్యోగం అంటే జీతమున్న ఉద్యోగమే కానక్కర్లేదు. వారానికి కనీసం 20 గంటలు ఉండాలి, పని మీరు చదివిన సబ్జెక్టుకు నేరుగా సంబంధించినది కావాలి, కార్మిక చట్టాలను ఉల్లంఘించకూడదు. ఈ మూడూ కుదిరితే జీతం లేని పని కూడా లెక్కలోకి వస్తుంది. లాభం కోసం నడిచే కంపెనీలో ఊరికే పనిచేస్తే మూడో షరతు దగ్గర చిక్కొస్తుంది. యూనివర్సిటీ పరిశోధన ల్యాబ్‌లో ఆ చిక్కు చాలా తక్కువ. కాబట్టి ఆగస్టు 11 నుంచి మీరు చేసిన పని రుజువైతే నిరుద్యోగపు లెక్క ఆగస్టు 10న, 41 రోజుల దగ్గర ఆగిపోతుంది. ఇంకా 49 రోజులు మీ చేతిలో ఉంటాయి. రుజువు కాకపోతే సెప్టెంబర్ 28తో మీ స్టేటస్ (దేశంలో చట్టబద్ధంగా ఉండే హోదా) పోయినట్టే.

అంత బలమైన వాదన చేతిలో పెట్టుకుని మీరు చేసిందేమిటి? పని మొదలుపెట్టిన 10 రోజుల్లోపు తెలియజేయాలన్నది నిబంధన. ఓపీటీ మొదలయ్యాక సెవిప్ పోర్టల్ అకౌంటు తెరవమని మెయిల్ వస్తుంది. అది స్పామ్‌లో పడిందో, పడితే వెతికారో లేదో మీకే తెలియాలి. యూనివర్సిటీ మెయిల్స్ రెండూ దాదాపు కచ్చితంగా దీని గురించే అయి ఉంటాయి. చూడకుండా ఉంచితే గడువు ఆగుతుందా? 2025 మే నెలలో, 90 రోజులు దాటినా యజమాని వివరాలు లేని ఓపీటీ విద్యార్థులకు అమెరికా ప్రభుత్వం నేరుగా లేఖలు పంపి, 15 రోజుల్లో సరిచేసుకోకపోతే రికార్డు రద్దు చేస్తామంది. మీ పాత అద్దె ఇంటి అడ్రసే ఇంకా రికార్డులో ఉంటే అలాంటి లేఖ ఎవరి చేతికి పోతుందో ఆలోచించండి. ఇల్లు మారినా 10 రోజుల్లోపే తెలపాలి.

ఇప్పుడు సాక్ష్యం. మీరు "సుమారు ఇరవై గంటలు" అన్నారు. ఆ మాట ఇంకెక్కడా రాయకండి, నోటితోనూ అనకండి. అలాగని ఇరవై ఐదు అని పెంచి చెప్పమనడం లేదు. కూర్చుని వారం వారం నిజంగా ఎన్ని గంటలు చేశారో లెక్క తీయండి. ఒక వారం 23, ఇంకో వారం 20, మరో వారం 17 అని తేలితే 17 వచ్చిన వారం సంగతి ముందు నాకో, మీరు పెట్టుకునే మరో వకీలుకో తెలియాలి, తర్వాతే ఇంకెవరికైనా. ఆ లెక్కకు ఆధారాలు మీ దగ్గరే ఉన్నాయి, మీకు తెలియడం లేదంతే. ల్యాబ్ తలుపు కార్డు గీకి తెరిచారు కదా, ఆ రికార్డు యూనివర్సిటీ దగ్గర ఉంటుంది. కోడ్ ఎక్కించిన ప్రతిసారీ గిట్‌హబ్‌లో తేదీ, సమయం పడతాయి. సర్వర్‌లో లాగిన్ అయిన చరిత్ర, ప్రొఫెసర్‌తో వారంవారం మీటింగుల క్యాలెండర్, "ఈ టేబుల్ మళ్లీ రన్ చెయ్యి" అని ఆయన రాత్రి పంపిన మెసేజీలు, మీరు పంపిన రిపోర్టులు. ఇవన్నీ ఆ రోజు పుట్టిన కాగితాలు. ఈ రోజు కూర్చుని రాసుకున్న పది పేజీల వివరణ కంటే ఆగస్టు 14 తేదీ ఉన్న రెండు లైన్ల మెయిల్ విలువ ఎక్కువ. యూనివర్సిటీ మెయిల్ అకౌంటు పట్టభద్రులకు ఎప్పుడైనా మూసేయవచ్చు, అందుకే అన్నీ ఈ వారంలోనే డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి.

ప్రొఫెసర్ గారిని లెటర్‌హెడ్ మీద ఒక లేఖ అడగండి. ఏ తేదీన మొదలుపెట్టారు, వారానికి ఎన్ని గంటలు, ఏం పని, అది డేటా సైన్స్ డిగ్రీకి ఎలా సంబంధించింది, ఎవరి పర్యవేక్షణ, ఫోన్ నంబరు, ఇవి ఉండాలి. లేఖ మీద తేదీ మాత్రం ఆయన సంతకం చేసే రోజుదే. ఆగస్టు తేదీ వేసివ్వమని మీరు బతిమాలితే జాలిపడి వేసిచ్చేస్తారేమో, అప్పుడు నిజమైన కేసు కాస్తా దొంగ కాగితంగా మారుతుంది. ఆగస్టులో జరిగిన సంగతి గురించి అక్టోబర్‌లో లేఖ రాయడంలో తప్పేమీ లేదు. ఇకముందు కోసం డిపార్టుమెంటులో వాలంటీర్ నియామక పత్రం ఇచ్చే పద్ధతి ఉందేమో కనుక్కుని అదీ తీసుకోండి. ఇన్ని వారాలు ఒక్క కాగితం లేకుండా ఎలా పనిచేశారో నాకు అర్థం కాలేదు.

ఇవన్నీ పట్టుకుని డీఎస్ఓ (యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల రికార్డులు చూసే అధికారి) దగ్గరికి వెళ్లండి. పోర్టల్‌లో మీరే కూర్చుని తేదీలు కెలకకండి. ఇంత ఆలస్యమైన వివరాన్ని డీఎస్ఓ చేత సెవిస్ (విదేశీ విద్యార్థుల ప్రభుత్వ డేటాబేస్)లో ఎక్కించడమే సరైన దారి. రికార్డు ఇప్పటికే రద్దయిపోయి ఉంటే దిద్దుబాటు కోసం అభ్యర్థన పంపగలిగేది కూడా వాళ్లే. అలా రద్దయి ఉంటే అది తేలేదాకా దేశం దాటవద్దు. ఒక్క సంగతి గుర్తుంచుకోండి: డీఎస్ఓ మంచివారే కావచ్చు, కానీ మీ వకీలు కారు. వకీలుతో మాట్లాడింది గోప్యంగా ఉంటుంది, డీఎస్ఓతో చెప్పింది రికార్డుకెక్కవచ్చు. గంటల లెక్కలో ఏ వారమైనా తేడా ఉంటే ముందు వకీలు దగ్గర కూర్చోండి అన్నది అందుకే. స్టోర్‌లో క్యాష్ పని గురించి ఒక్క మాటలో జవాబు: వద్దు. డిగ్రీకి సంబంధం లేని పని ఓపీటీ కింద చెల్లదు, అనుమతి లేని పని చేశారని తేలితే తర్వాత మిగిలే దారులు కూడా మూసుకుపోతాయి.

కన్సల్టెన్సీ లెటర్ సంగతి కాస్త గట్టిగానే చెప్పాలి. మీరు తీసుకోబోతున్నది మందు కాదు, విషం. ప్రయోజనం పొందడానికి ముఖ్యమైన విషయంలో కావాలని అబద్ధం చెప్పినవాళ్లకు ఇమిగ్రేషన్ అండ్ నేషనాలిటీ యాక్ట్ సెక్షన్ 212(ఏ)(6)(సి)(ఐ) కింద ప్రవేశ నిషేధం పడుతుంది. అది మూడేళ్లకో, పదేళ్లకో తీరిపోయేది కాదు, జీవితాంతం ఉంటుంది. మినహాయింపు అడగవచ్చు కానీ గ్రీన్‌కార్డు దగ్గరికి వచ్చేసరికి దాన్ని అడగడానికి అమెరికా పౌరులో, గ్రీన్‌కార్డు ఉన్నవారో అయిన భార్య లేదా తల్లిదండ్రులు ఉండాలి. మీకెవరున్నారు? అందరూ చేస్తున్నారన్న మాట నేనూ వింటుంటాను. లేని కంపెనీల్లో పనిచేస్తున్నట్టు చూపించిన ఓపీటీ విద్యార్థులను 2020 అక్టోబర్‌లో 15 మందిని అరెస్టు చేసినట్టు అమెరికా ఇమిగ్రేషన్ అధికారులు ప్రకటించారు. వారిలో ఎక్కువమంది భారతీయులే. ఒకే అడ్రసు మీద వందలమంది పేర్లు కనిపిస్తే ఆ కంపెనీ జాబితా మొత్తం పైకి లాగుతారు. మీరు 800 డాలర్లు కట్టిన రోజు నుంచి మీ పేరు ఆ జాబితాలో ఉంటుంది, మీరు తర్వాత ఎంత మంచి ఉద్యోగంలో చేరినా సరే. పైగా మీ సొంత డబ్బుతో మీకే జీతం వచ్చినట్టు పేరోల్ రన్ చేస్తే ఆ అబద్ధం పన్ను రికార్డుల్లోకీ పాకుతుంది.

మీ విషయంలో ఇంకా విచిత్రమేమిటంటే ఆ లెటర్ మీకు అవసరమే లేదు. నిజమైన పని ఆగస్టు 11న మొదలైంది. జులై 1 నుంచి ఇంకోచోట ఉద్యోగం చేశానని కాగితం పెడితే, వారానికి ఇరవై గంటలు ల్యాబ్‌లో ఎలా ఉన్నారని అడిగిన అధికారికి ఏం చెబుతారు? దొంగది నిజమైనదాన్ని కూడా మింగేస్తుంది.

ఈ స్టేటస్ గొడవ ఇప్పుడు తేల్చుకోకపోతే ఎప్పుడు బయటపడుతుందో కూడా చెబుతాను. రేపు హెచ్-1బి లాటరీ తగిలి కంపెనీ మీ పిటిషన్ వేస్తే, దేశంలో ఉండగానే ఎఫ్-1 నుంచి హెచ్-1బికి మార్చమని అడుగుతారు. అప్పుడు యూఎస్‌సీఐఎస్ (ఇమిగ్రేషన్ దరఖాస్తులు చూసే ప్రభుత్వ సంస్థ) మీ ఓపీటీ మొత్తం రుజువు చేయమని అడగవచ్చు. స్టేటస్ నిలబడలేదని తేలితే ఆ మార్పు ఇవ్వరు. 2025 సెప్టెంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన అధ్యక్ష ప్రకటన ప్రకారం, దేశం బయటున్నవాళ్ల కొత్త పిటిషన్లకే కాదు, ఇలా స్టేటస్ మార్పుకు అర్హత లేదని తేలిన కేసులకూ 1,00,000 డాలర్ల ఫీజు వర్తిస్తుందని యూఎస్‌సీఐఎస్ వివరణ ఇచ్చింది. స్టేటస్ సక్రమంగా ఉండి ఇక్కడే మార్పు పొందినవారికి ఆ ఫీజు లేదు. కొత్తగా చేరే కుర్రాడి కోసం ఏ కంపెనీ అంత కడుతుంది? ఈరోజు మీరు సేకరించే తలుపు కార్డు రికార్డు విలువ అక్కడ తెలుస్తుంది.

గంటలు నిజంగానే 20కి చేరలేదనుకుందాం. అప్పుడు 90 రోజులు దాటినట్టే. వకీలుతో మాట్లాడి, వీలైనంత త్వరగా దేశం వదలడం ఒక దారి. ఐ-94 (దేశంలోకి వచ్చినప్పటి రికార్డు) మీద తేదీ బదులు డీ/ఎస్ (స్టేటస్ ఉన్నంతకాలం) అని ఉన్నవాళ్లకు, అధికారి గానీ జడ్జి గానీ అధికారికంగా తేల్చేదాకా సాధారణంగా అక్రమ నివాసపు రోజులు లెక్కలోకి రావు. అందుకని మూడేళ్లు, పదేళ్ల నిషేధం ఊరికే వచ్చి పడదు. మళ్లీ వీసాకు వెళ్లినప్పుడు కష్టమైన ప్రశ్న ఎదురవుతుంది, నిజం చెప్పాలి. రెండో దారి మళ్లీ చదువులో చేరి స్టేటస్ పునరుద్ధరణ కోరడం. దానికి స్టేటస్ పోయిన 5 నెలల్లోపు దరఖాస్తు చేయాలి, పరిస్థితి మీ చేయి దాటినదని చూపాలి, అనుమతి లేని పని చేసి ఉండకూడదు. మెయిల్స్ తెరవకపోవడం చేయి దాటిన పరిస్థితి కాదని ముందే చెబుతున్నాను. చేరిన మొదటి రోజే సీపీటీ (చదువుతుండగానే పనిచేసే అనుమతి) ఇస్తామని పిలిచే కాలేజీల వైపు ఈ స్థితిలో చూడకండి. ఇప్పటికే మచ్చ ఉన్న రికార్డు మీద ఇంకో అనుమానం తెచ్చిపెట్టుకోవడమే అవుతుంది.

అంతా కుదిరి 49 రోజులు మిగిలాయనుకుంటే, ల్యాబ్ పని మానకుండానే జీతమున్న ఉద్యోగం వెతకండి. జీతం లేని పని మొదటి ఏడాదికే పనికొస్తుంది. స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం డిగ్రీల) ఓపీటీ 24 నెలల పొడిగింపుకు జీతం తప్పనిసరి, కంపెనీ ఈ-వెరిఫై (ఉద్యోగుల పని అనుమతిని సరిచూసే ప్రభుత్వ వ్యవస్థ)లో ఉండాలి, ఐ-983 శిక్షణ పత్రం మీద కంపెనీ సంతకం కావాలి. మీ ఓపీటీ వచ్చే జూన్ 30తో ముగుస్తుంది కనుక ఏప్రిల్ 1 నుంచి దరఖాస్తు వేయవచ్చు. డీఎస్ఓ సిఫారసు చేసిన 60 రోజుల్లోపు, జూన్ 30 దాటకుండా అది యూఎస్‌సీఐఎస్‌కు చేరాలి. జులై 1న చేరితే ఒక్క రోజు ఆలస్యమైనా తీసుకోరు. సకాలంలో వేస్తే నిర్ణయం వచ్చేలోపు 180 రోజుల వరకు పని కొనసాగించవచ్చు. స్టెమ్‌లో ఇంకో 60 రోజులు కలిసి మొత్తం నిరుద్యోగ పరిమితి 150 అవుతుంది, అయితే ఇప్పుడు వాడేసిన 41 అందులోంచే పోతాయి.

యూనివర్సిటీ పంపిన ఆ రెండు మెయిల్స్ ఈ జవాబు చదవడం అయ్యాక తెరవండి. వాటిలో జవాబివ్వాల్సిన ఆఖరి తేదీ ఉంటే, ప్రొఫెసర్ లేఖ కోసం ఆగకుండా, లేఖ తెస్తున్నానని ఆ తేదీలోపే డీఎస్ఓకి రాతపూర్వకంగా చెప్పండి.