ముందు దోమతెర కట్టు

చిరంజీవి అమ్మాయికి,

ఆశీస్సులు. నువ్వు పంపిన పదకొండు పేజీలూ రెండుసార్లు చదివాను. కోటిపల్లి రేవులో మీ మావయ్య తెరచాప పడవ ఎక్కి, గౌతమి మీద గడిపిన మొదటి రాత్రి గురించి రాశావు. అందులో వెన్నెలకి మూడు పేజీలు పట్టాయి. "రాత్రంతా దోమలు కుట్టాయి, నిద్ర పట్టలేదు" అని ఒకే ఒక్క వాక్యం ఉంది. నేను పూర్తిగా నమ్మింది ఆ వాక్యాన్నే.

ఉత్తరం చివర "ఇలాంటి బాధలు పడితేనే కదా మాస్టారూ రచన బలంగా వచ్చేది" అన్నావు. అది చదివి నాకు భయమేసింది. యానాం మీదుగా భైరవపాలెం దాకా నెల రోజులు పడవలోనే ఉంటానంటున్నావు. అందుకే కథ సంగతి తర్వాత చెబుతాను, ముందు దోమల సంగతి విను.

నీ వయసులో నేనూ అలాగే అనుకున్నాను. ఒక కార్తీకమాసంలో లంక పక్కన, చెట్ల కింద, గాలి ఆడని చోట పడవ కట్టేసి దోమతెర లేకుండా మూడు రాత్రులు పడుకున్నాను, అనుభవం కావాలని. రెండు వారాలకి చలిజ్వరం పట్టుకుంది. పరీక్ష చేసి మలేరియా అన్నారు. ఆ మూడు రాత్రుల నోట్‌బుక్ ఇప్పటికీ నా దగ్గరుంది. అందులో గోదావరి ఎక్కడా లేదు. "ఎప్పుడు తెల్లారుతుందో" అన్న మాట మాత్రం ఆరుచోట్ల ఉంది.

రాత్రిళ్ళు పడవని గట్టుకి కట్టకండి. పంట్లూ లాంచీలూ తిరిగే దారి వదిలి, గట్టుకి దూరంగా, గాలి తగిలేచోట లంగరు వేసి పైన ఒక దీపం పెట్టండి. దోమకి రెక్కల బలం తక్కువ. పంకా గాలికే తట్టుకోలేనిది గోదారి గాలికి ఎక్కడ ఆగుతుంది? అయితే చోటు ఎంచుకునేటప్పుడు సాయంత్రపు హాయిని నమ్మొద్దు. అప్పటిదాకా కొట్టిన సముద్రపు గాలి చీకటిపడ్డాక తగ్గిపోతుంది. రాత్రి ముదిరాక నేల మీంచి నీళ్ళ వైపు సన్నగా గాలి మళ్ళుతుంది. గట్టు మీద చెట్లలో ఉన్నవన్నీ అప్పుడే పడవ మీదికి వస్తాయి. గుర్రపుడెక్క, అంతరతామర పేరుకుపోయిన కాలవ మొగలో అసలే ఆగొద్దు. కొన్ని రకాల దోమ పిల్లలు గాలి కోసం నీటి పైకి కూడా రావు. ఆ మొక్కల వేళ్ళని గుచ్చి, వాటిలోంచే ఊపిరి పీల్చుకుంటాయి.

ఇక తెర. పడవ గూటికి ఎన్ని కన్నాలున్నాయో పగలు కూర్చుని లెక్కపెట్టు. కిటికీలు, పైమూత, వాకిలి, తాళ్ళు దూరే రంధ్రాలు, ఏదీ వదలకు. యానాం దగ్గర సముద్రపు పోటూ పాటూ బాగా తెలుస్తాయి. నీటి వాటం మారినప్పుడు లంగరు మీదున్న పడవ మొహం కూడా తిరుగుతుంది. పడుకునేటప్పుడు గాలికి చాటుగా ఉన్న కన్నం తెల్లవారుజామున గాలికి ఎదురుగా ఉంటుంది. వాకిలి తెరకి వెల్క్రో అంటిస్తే ఉప్పుగాలికి, ఎండకి జిగురు నిలవదు. దాని బదులు వాకిలి కన్నా జానెడు పెద్దగా తెర కోయించి, అంచుల్లో విసురువలకి కట్టే సీసపు గుళ్ళు కుట్టించు. నువ్వు లోపలికి దూరగానే ఆ బరువుకి తెర తనంతట తనే పడి మూసుకుంటుంది. అసురసంధ్యకి అరగంట ముందే అన్నీ మూసేసి, లోపల చిక్కుకున్నవాటిని టార్చితో వెతికి చంపాక పడుకో. నీ మోచెయ్యి తెరకి ఆనితే బయటినుంచే కుడతాయి, అది గుర్తుంచుకుని పక్క సర్దుకో.

కోరింగ మడ అడవి దగ్గర మాత్రం ఈ తెర చాలదు. మామూలు దోమతెరకి చదరపు అంగుళానికి 156 కన్నాలుంటాయి. దోమని ఆపడానికి అవి సరిపోతాయి. పాటు వేళ బురద బయటపడేచోట నుసుములుంటాయి. ఒంటి మీద వాలితే మసి నలుసులా కనిపిస్తాయి, కుడితే నిప్పురవ్వ పడ్డట్టుంటుంది. ఈ తెరలోంచి అవి దర్జాగా దూరిపోతాయి. మీ అమ్మ పాత వాయిల్ చీర ఒకటి అడిగి తీసుకెళ్ళు, ఆ నేత వాటిని ఆపుతుంది. కాకపోతే గాలినీ ఆపుతుంది, లోపల ఉడికిపోతావు. కాబట్టి మడ అడవి పక్కన ఉన్న రాత్రులకే అది కట్టి, బ్యాటరీతో నడిచే చిన్న పంకా పెట్టుకో.

గూట్లో కాయిల్ వెలిగించొద్దు. గట్టు మీద పశువుల శాలల్లో వేపాకు, కొబ్బరి డొక్కలు వేసి పొగ పెడతారంటే అది ఆరుబయట. నీ గూట్లో పొగ అంతా నీ ఊపిరితిత్తుల్లోకే వెళ్తుంది, పైగా పక్కనే ఇంజను పెట్రోలు డబ్బా ఉంటుంది. ఒంటికి రాసుకునే క్రీముల్లో డీట్ ఉన్నవి బాగా పనిచేస్తాయి, కానీ ఆ మందు ప్లాస్టిక్‌ని తినేస్తుంది. రాసుకున్నాక అరచేతులు శుభ్రంగా తుడుచుకునే కళ్ళజోడూ పెన్నూ ముట్టుకో. మందు పట్టించిన తెర కొంటే దాన్ని గోదాట్లో ఉతక్కు. ఆ మందు చేపలకీ రొయ్యలకీ విషం. ఆ నీళ్ళ మీద బతికేవాళ్ళ మధ్యకి వెళ్తున్నావు.

పడవలోనే దోమలు పుట్టకుండా చూసుకోవాలి. అడుగున ఊరే నీళ్ళు రోజూ తోడెయ్యాలి. మడిచిన తెరచాప మడతల్లో వాననీరు ఆగుతుంది. పడవ పక్కలకి కట్టే పాత టైర్లలో కూడా ఆగుతుంది, వాటికి అడుగున కన్నాలు పొడిపించమను. మన వేడికి గుడ్డు దోమ కావడానికి వారం పదిరోజులు చాలు. మిగతా పురుగుల సంగతి త్వరగా చెప్పేస్తాను. బొద్దింకలు కొట్టు నుంచి వచ్చే అట్టపెట్టెల్లో, అరటిగెలల్లో వస్తాయి. పెట్టెలు ఒడ్డునే వదిలెయ్యి, గెలని నీళ్ళలో ముంచి దులిపి ఎక్కించు. చీమలు కట్టుతాడు పట్టుకునే వస్తాయి, బెల్లం డబ్బా నీళ్ళ పళ్ళెంలో పెట్టుకో.

ఇప్పుడు నీ రచన. అయిదో పేజీలో "దోమలు లాంతరు చుట్టూ మూగి రాలిపోయాయి" అని రాశావు. అవి నిన్ను కుట్టే దోమలు కావమ్మా. నిన్ను కుట్టేది దీపం కోసం రాదు, నీ ఊపిరినీ ఒంటివేడినీ వెతుక్కుంటూ వస్తుంది. నీ పడవకి అటూ ఇటూ కోతకొచ్చిన వరిచేలున్నాయని నువ్వే రాశావు. లాంతరు దగ్గర రాలినవి పచ్చదీపపు పురుగులో, సుడిదోమలో అయి ఉంటాయి. గట్టు మీద రైతు "ఈ ఏడు దోమ ఎక్కువండి" అన్నాడంటే ఆయన మాట్లాడేది వరి దుబ్బు మొదట్లో రసం పీల్చే ఆ సుడిదోమ గురించే. పొరపాటున ఆయనకి దోమతెర గురించి చెప్పేవు. ఒకే మాటలో ఆయన పంటా నీ నిద్రా రెండూ ఉన్నాయి. అది చేతికందిన కథ, నువ్వు దాని పక్కనుంచే వెళ్ళిపోయావు.

1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ అనే డాక్టరు దోమ పొట్టలో మలేరియా క్రిమిని చూశాడు. అంతకుముందు రెండేళ్ళపాటు ఆయన దోమల్ని కోసి చూస్తూనే ఉన్నాడు. అవి మలేరియాని మోసే జాతి దోమలు కావు, అందుకే ఏమీ దొరకలేదు. తోక పైకెత్తి, ఏటవాలుగా వాలేది మలేరియా దోమ. కాళ్ళ మీద తెల్ల చారలతో పగలు కుట్టేది డెంగీది. ఒంటికి సమాంతరంగా వాలి, అర్ధరాత్రి చెవి దగ్గర పాడేది మురుగునీటి దోమ. మన గోదావరి జిల్లాల్లో బోదకాలుని మోసింది అదే. వాచిన కాలుతో బతుకంతా నెట్టుకొచ్చినవాళ్ళని మా వీధిలోనే నలుగురిని చూశాను. అందుకే "దోమలు కుట్టాయి" అని నువ్వు ఒక్క వాక్యంలో దాటేస్తే నాకు బాధేసింది.

కాబట్టి ఆ పదకొండు పేజీల్ని ఇప్పుడే దిద్దొద్దు. తెర కట్టుకుని, వరసగా నాలుగు రాత్రులు కడుపునిండా నిద్రపో. అయిదో రోజు సాయంత్రం తెర లోపల కూర్చుని, బయట వాలినవాటిని చూసి, ఏది ఎన్ని గంటలకి వచ్చిందో, ఎలా వాలిందో, గాలి ఎటునుంచి ఉందో రాసి నాకు పంపు. వెన్నెల ఉంటే అదీ రాయి, కానీ తెరలోంచి ఎలా కనిపించిందో అలాగే రాయి.

విసురువల గుళ్ళు అరకిలో మా ఇంట్లో ఊరికే పడున్నాయి. ఎల్లుండి యానాం వచ్చే కుర్రాడి చేత పంపిస్తున్నాను. వాకిలి కొలతలు మీ మావయ్యని టేపుతో తీయమను, అడుగులతో లెక్కేసి చెబితే ఒప్పుకోకు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు